మూరా బెత్తెడు

గద్వాలలో మా నేతింటివాళ్లు దేన్నయినా మూరల్లోనే కొలుస్తారు. చీరనే కాదు, మంచాన్ని కూడా. మామూలు నులక మంచం నేల మీంచి మూరెడు ఎత్తుంటుంది. మా అక్క మంచం మూరా బెత్తెడు. నాలుగు కోళ్ల కింద నాలుగు ఇటుకలు పెట్టి ఆ ఎత్తు తెచ్చినవాడు మా నాయన.

1965లో, రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, అక్కకు జ్వరమొచ్చి రెండు కాళ్లూ పడిపోయినయి. పోలియో అన్నారు. పెద్దయ్యాక కాళ్లకు ఇనుప కడ్డీల కాలిపర్లు, చంకల్లో కర్రలు. అట్లాంటి మనిషి కూర్చున్న చోటు నుంచి లేవాలంటే కాళ్లు చాపి, మోకాళ్ల దగ్గర లాకులు వేసుకుని, బరువంతా కర్రల మీదికి తోసి ఒక్క ఊపున లేవాలి. కూర్చున్న చోటు మూరెడు ఎత్తే అయితే ఆ ఊపు చాలదు, ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. బెత్తెడు పెంచితే తనంతట తను లేస్తుంది.

వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959లో పెట్టిన పాలిటెక్నిక్ ఉంది గదా, అందులో నేను మెకానికల్ డిప్లొమా చేసి గద్వాలలో కార్ల షెడ్డు పెట్టుకున్నాను. పక్షవాతం వచ్చిన నాయనకో, కాలు తీసేసిన మామకో ఏ బండి కొనాలని అడగడానికి ఐజ నుంచి, పెబ్బేరు నుంచి, ఒక్కోసారి నాగర్‌కర్నూలు నుంచి కూడా మనుషులు వస్తారు. చేతిలో లక్షో, రెండు లక్షలో. మైలేజి అడుగుతారు, ఏసీ అడుగుతారు, రంగు అడుగుతారు. నేను మాత్రం సీటు దగ్గర మోచెయ్యి ఆనించి మూర వేసి చూపిస్తాను. నలభై ఏండ్ల నుంచీ ఇదే నా లెక్క.

ఈ లెక్క పట్టుకుని వెనక్కి పోతే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, మా ఈ మూడు ఊళ్ల రోడ్ల మీద తిరిగిన బండ్ల చరిత్ర ఇంకో తీరుగా కనబడుతుంది. ఎవరు తమంతట ఎక్కగలిగారు, ఎవర్ని ఎత్తి వేశారు, ఎత్తింది ఎవరు?

మాది నడిగడ్డ. ఒక పక్క కృష్ణ, ఒక పక్క తుంగభద్ర. వంతెనలు లేని రోజుల్లో ఏరు దాటాలంటే పుట్టి ఎక్కాల్సిందే. పుట్టికి మెట్టు లేదు, ఒడ్డున బురదలో నిలబడి అంచు మీదుగా మనిషిని లోపలికి దించాలి. సంస్థానాల కాలంలో దొరసానులకు మేనాలుండేవి, మోయడానికి బోయీలుండేవారు. కలవారి సుఖమని మేనాను మనం తిట్టుకుంటాం గాని అందులో ఒక పనితనం ఉంది. మేనాను నేల మీదికి దించుతారు, మనిషి కూర్చున్నాక లేపుతారు. బండే మనిషి ఎత్తుకు దిగి వస్తుంది. ఈనాడు కొన్ని దేశాల్లో సిటీ బస్సులు స్టాపులో ఒక పక్కకు వంగి నిలబడతాయి, అదీ ఇదీ ఒకటే ఉపాయం.

పేదవాళ్లకు ఎడ్లబండి. చక్రం పెద్దది కాబట్టి బండి తట్టు నడుమెత్తుంటుంది. అయినా అక్కను ఎడ్లబండిలోకి ఎత్తి వేసినట్టు నాకు గుర్తు లేదు. మల్దకల్ తిమ్మప్ప జాతరకు పోయేటప్పుడు మా పెదనాయన ఎడ్లు కట్టకముందే నొగలు పట్టుకుని పైకి లేపేవాడు. రెండు చక్రాల బండి ఇరుసు మీద తూగుతుంది గదా, నొగలు ఆకాశానికి లేస్తే వెనక తట్టు నేలకు ఆనుతుంది. వడ్లగడ్డి పరిచి మీద బొంత వేసిన బండిలోకి అక్క వెనక నుంచి చేతుల మీద జరుగుతూ పోయి నడిమధ్యన కూర్చునేది. పెదనాయన నొగలు మెల్లగా దించేవాడు. అప్పుడు ఎడ్లు కట్టేవారు. బరువు వెనక ఉంటే నొగలు చేతిలోంచి జారతాయి, అందుకని తట్టు ముందర ఇంకో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టేవాడు. ఆ పిల్లల్లో నేనొకణ్ని. చదువుకున్నాక దాన్ని ర్యాంపు అంటారని తెలిసింది.

బస్సు వచ్చాక ఈ సౌకర్యం పోయింది. నిజాం రాష్ట్ర రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. అదే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. బస్సు పల్లెలకు చేసిన మేలు చెప్పనలవి కాదు. కాని దాని మొదటి మెట్టు ఆనాటి నుంచి ఈనాటి వరకు మామూలు మనిషి మోకాలికి తక్కువ లేదు, పక్కన పట్టుకునే కడ్డీ ఒక చేతికే సరిపోతుంది. రెండు చేతుల్లో రెండు కర్రలున్న మనిషికి అది పనికిరాదు. రైలు ఇంకా కష్టం. పెట్టె తలుపు కింద నిలువు మెట్లు. హైదరాబాదులో పంజాగుట్ట దగ్గర 1964లో నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్ తెరిచారు, ఇప్పటి నిమ్స్ అదే. మా దిక్కు జనం దానికి బొక్కల దవాఖాన అని పేరు పెట్టుకున్నారు. అక్క కాలిపర్లకు కొలతలు ఇవ్వడానికి నాయన ఆమెను వీపు మీద వేసుకుని గద్వాల స్టేషన్లో రైలెక్కేవాడు. చిన్నపిల్ల కాబట్టి సాగింది. పదమూడు, పద్నాలుగేండ్లు వచ్చాక అక్కే ఒప్పుకోలేదు. "నాయనా, అందరూ చూస్తున్నరు" అన్నది. ఆ మాటతో రైలు ప్రయాణం ముగిసింది.

ఆడమనిషి సంగతి వేరు. ఎత్తి వేసేదెవరు, ఎక్కడ చెయ్యి వేస్తారు, చీర ఎక్కడ పట్టుకుంటుంది, చూసేదెందరు అనేవి తేలాకే బండి సంగతి. మగపిల్లవాణ్ని స్నేహితులు భుజాలు పట్టి లేపి జీపులో కుదేస్తారు, నవ్వులాటగా ఉంటుంది. అక్క లాంటివాళ్లు తమంతట ఎక్కగలిగే బండి దొరక్కపోతే ఇంటి పట్టునే ఉండిపోయేవారు. మా వాడలో అట్లా ఉండిపోయి, కండెలు చుట్టుకుంటూ బతికిన ఆడవాళ్లు నాకు తెలుసు. గుంట మగ్గానికి కాళ్లు కావాలి, కండెలకు చేతులు చాలు. అక్కకూ అదే రాసి ఉందని అందరూ అనుకున్నారు. బడి మానిపిద్దామని చుట్టాలు అన్నప్పుడు నాయన నోట వచ్చిన పేరు జైపాల్ రెడ్డి. ఏడాదిన్నర వయసులో పోలియో సోకిన ఆ మనిషి చంకకర్రల మీదే తిరిగి 1969 నుంచి 1984 దాకా వరసగా కల్వకుర్తి ఎమ్మెల్యేగా ఉన్నారు. ఆ కల్వకుర్తి ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలోనే ఉంది. 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీద పోటీ చేశారు, తర్వాత కేంద్రమంత్రి అయ్యారు, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు తీసుకున్నారు. "ఆయన అసెంబ్లీకి పోతలేడా?" అనేవాడు నాయన. చుట్టాల దగ్గర దానికి జవాబు ఉండేది కాదు. కాకపోతే ఎమ్మెల్యే దగ్గర కారు ఉంటుంది, మగ్గం నేసేవాడి దగ్గర ఉండదు.

మా దగ్గర ఉన్నది కిరాయి అంబాసిడర్. హిందూస్థాన్ మోటార్స్ వాళ్లు ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చు తెచ్చి 1950ల చివర్లో మొదలుపెట్టిన ఆ బండి 2014 దాకా పెద్దగా మార్పు లేకుండా వచ్చింది. దాన్ని ఎగతాళి చేసినవాళ్లే ఎక్కువ. నేను మాత్రం దండం పెడతాను. ఎత్తు 1.6 మీటర్లు, వెనక తలుపు బారుగా తెరుచుకుంటుంది, సీటు ఇటు నుంచి అటు దాకా ఒకే సోఫా. కూర్చున్నాక జరుగుతూ పోవచ్చు, కాలిపర్ల కాళ్లు చాపుకోవడానికి ముందు జాగా ఉంటుంది. మూర వేస్తే సీటు మూరా బెత్తెడుకు అటూ ఇటూగా వచ్చింది.

కోట దగ్గర కార్లు నిలిపే ఒక పెద్దాయన ఉండేవాడు, అందరం మామా అని పిలిచేవాళ్లం. ఆయన పనితనం బండికంటే గొప్పది. ఇంటి ముందుకు వచ్చి బండిని తిన్నగా ఆపేవాడు కాదు. వెనక తలుపు సరిగ్గా అరుగు కొసకు వచ్చేటట్టు ముందుకీ వెనక్కీ ఆడించి ఆనించేవాడు. అరుగు ఎత్తూ సీటు ఎత్తూ ఇంచుమించు ఒకటే. అక్క అరుగు మీద కూర్చుని, చేతుల మీద జరిగి, సీటు మీదికి మారేది. ఆయన ఆ సేపు బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్లు చూస్తూ ఉండేవాడు. నీళ్లు నిండుగా ఉన్నా చూసేవాడు. తర్వాత అక్క ఉద్యోగానికి పోయిన నాగర్‌కర్నూలులో దిగేటప్పుడు అరుగు లేకపోతే ఏం చెయ్యాలని ముందే అడిగి, సిమెంటు తూము ఉన్న ఇంటి పక్కన ఆపేవాడు. "ఎక్కుడు గాదు బిడ్డా, దిగుడు సూడాలె" అనేవాడు. ఎక్కేటప్పుడు బరువే మనిషిని సీట్లో కూలేస్తుంది, దిగేటప్పుడు ఆ బరువునే పైకి లేపాలి. షెడ్డులో నేను నేర్చుకున్న పాఠాలన్నీ ఆయన ఈ ఒక్క మాటకు లోబడినవే.

అక్కకు వికలాంగుల కోటాలో నాగర్‌కర్నూలులో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. 1980ల చివర సంగతి. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు, వనపర్తి, బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలు. పండగకు వచ్చి పోవాలంటే ప్రతిసారీ కారు కిరాయి కట్టే తాహతు ఎవరికుంది? రోడ్ల మీద అప్పటికి జీపుల కాలం మొదలైంది. ఐజకు, ఆలంపురానికి, కొల్లాపురానికి, అచ్చంపేటకు సర్వీసు జీపులే దిక్కు. మహీంద్రా కమాండర్‌లో వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, ఎక్కడానికి తోక దగ్గర ఒక ఇనుప మెట్టు. పదిమంది కూర్చునే చోట ఇరవైమంది. ముందు సీటు నడుమెత్తున ఉంటుంది. ఏ వైపు చూసినా చీర కట్టుకుని చంకకర్రలు పట్టుకున్న మనిషి ఎక్కే బండి కాదది. మా పాలమూరు (మహబూబ్‌నగర్) జీపు గురించి ఎవరైనా మురిపెంగా రాస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మరి మారుతి? 1983 డిసెంబరు 14న మొదటి బండి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చినప్పటి నుంచి మారుతి 800 మధ్యతరగతి కల. వనపర్తిలో డాక్టర్లు, లెక్చరర్లు, కాంట్రాక్టర్లు కొన్నారు. ఎత్తు 1.4 మీటర్లు. సీటు మెత్తన, మనిషి కూర్చుంటే మూరకంటే కిందికి దిగిపోతుంది. అక్క ఆఫీసరు గారు మంచి మనసుతో ఆమెను ఒకరోజు ఇంటి దగ్గర దింపుతానని ఎక్కించుకున్నారు. దిగడానికి పాపం ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. దేశానికి కారు నేర్పిన బండి అక్కకు గొయ్యి అయింది.

అదే రోజుల్లో ఇంకో బండి వచ్చి చాలామంది జాతకం మార్చింది, అది కారు కాదు. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా. గేరు లేదు, క్లచ్ లేదు, కాలితో కొట్టే పని లేకుండా బటన్ నొక్కితే స్టార్టు. వెనక చక్రానికి రెండు పక్కలా ఇంకో రెండు చక్రాలు బిగిస్తే పోలియో కుర్రాడు తనే నడుపుకుని పోతాడు. అంతకుముందు అట్లాంటి కుర్రాళ్లకు దిక్కు చేతితో తిప్పే మూడు చక్రాల బండి. 1972లో కాన్పూరులో సర్కారు పెట్టిన అలిమ్‌కో కంపెనీ ఇప్పటికీ అవి చేస్తుంది. చదును రోడ్డు మీద బాగుంటుంది, గద్వాల కోట ఎక్కుడు దారిలో భుజాలు ఊడిపోతాయి. సైడు వీల్స్ కట్టే పని మా షెడ్డుకు మొదట్లో అన్నం పెట్టిన పని. ఇరుసు పైపు ఎంత మందం ఉండాలి, స్ప్రింగు వెయ్యాలా వద్దా అని ఎవరూ పుస్తకంలో రాసి ఇవ్వలేదు. బండి వేసుకుని పోయినవాడు తిరిగొచ్చి తిట్టిన తిట్లతోనే నేర్చుకున్నాం. పక్క చక్రాలు నేలకు గట్టిగా ఆనితే గుంతలో దిగినప్పుడు వెనక చక్రం గాలిలో తిరుగుతుంది, బండి కదలదు. వేలు మందం పైకి ఉంచాలి.

తర్వాత కాగితాల పని. 1988 మోటారు వాహనాల చట్టంలో ఇన్‌వాలిడ్ క్యారేజ్ అని ఒక తరగతి ఉండేది. దాని ప్రకారం అది వికలాంగుల కోసమే ప్రత్యేకంగా తయారై ఉండాల్సింది, మామూలు బండికి మార్పులు చేస్తే కుదిరేది కాదు. దేశంలో అట్లా తయారుచేసి అమ్మేవాళ్లు వేళ్ల మీద లెక్కబెట్టేటంత మంది. మార్పులు చేసుకున్న బండిని కూడా కలుపుకుని ఆ నిర్వచనాన్ని మార్చింది 2019 సవరణలో. ఆ ముప్పై ఏండ్లూ మా షెడ్డు నుంచి పోయిన బండ్లు ఆఫీసర్ల దయ మీద నడిచాయి. తనిఖీ కోసం మహబూబ్‌నగర్ దాకా పోవాలి. ఒకాయన చూసి సంతకం చేస్తాడు, బదిలీ మీద వచ్చిన ఇంకో ఆయన సెక్షన్ చూపించి వెనక్కి పంపుతాడు. 2016 అక్టోబరు 11న మూడు ఊళ్లూ మూడు జిల్లాలయ్యాక ఆ తిప్పట కొంత తగ్గింది. నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, గద్వాలకు 33 రిజిస్ట్రేషన్ నంబర్లు వచ్చాయి.

సర్కారే బండి చేసి ఇచ్చిన దేశాలూ ఉన్నాయి. ఇంగ్లండులో ఆరోగ్య శాఖ లేత నీలం రంగు మూడు చక్రాల కారును నడవలేనివాళ్లకు ఉచితంగా ఇచ్చేది. ఒక్కటే సీటు. పెండ్లాం పిల్లలు పక్కన కూర్చోడానికి లేదు. 2003లో వాటిని రోడ్ల మీద లేకుండా చేశారు. రష్యాలో సెర్పుఖోవ్ ఫ్యాక్టరీ మోటారు సైకిల్ ఇంజనుతో ఒక చిన్న కారు చేసేది, దాంట్లో మాత్రం ఇద్దరు పట్టేవారు. ఇంగ్లండులో 1977లో మోటబిలిటీ అనే పథకం వచ్చాక నెలనెలా వచ్చే భత్యంతో మామూలు కార్లే అద్దెకు తీసుకోవడం మొదలైంది. ఒంటి సీటు బండి ఇస్తామంటే మా అక్క ఒప్పుకునేది కాదని నా నమ్మకం. పండగకు ఇంటికి ఒంటరిగా రావడం ఆమెకు నచ్చని పని.

మళ్లీ మా దిక్కుకు వస్తే, పాలమూరు అంటే లేబరు. గుంపు మేస్త్రి వెంట దేశమంతా పోయి డ్యాములు కట్టినవాళ్లు, హైదరాబాదు, బొంబాయి, పుణెల్లో అపార్టుమెంట్లు లేపినవాళ్లు. సెంట్రింగు మీంచి జారి నడుం విరిగి తిరిగొచ్చిన మగవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. వీళ్లకు నిలబడడమే లేదు, వీల్‌చైరు లేదా మంచం. వీళ్ల కోసం దొరికిన బండి మారుతి ఓమ్ని. 1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చింది, 2019 దాకా తయారైంది. దానికి పక్కకు జరిగే తలుపు ఉంటుంది. మామూలు తలుపు బయటికి తెరుచుకుంటే సందులో గోడకు తగులుతుంది, మనిషికి తలుపుకు మధ్య వీల్‌చైరు పట్టదు. జరిగే తలుపుకు ఆ బాధ లేదు, ఇంటి గోడకు ఆనించి కూడా తెరవొచ్చు. మధ్య సీటు బోల్టులు విప్పేస్తే పరుపు పడుతుంది. నడుం విరిగిన మనిషిని దుప్పటితో సహా ఇద్దరు లోపలికి జరపగలరు. కంపెనీ వాళ్లు దాన్నే అంబులెన్సుగా కూడా అమ్మారు. మా దగ్గర పాత ఓమ్నికి గ్యాసు కిట్టు పెట్టించుకుని సగం రోజులు బడిపిల్లల్ని, సగం రోజులు ఇంట్లో మనిషిని మోసిన కుటుంబాలున్నాయి. బండి తన ఖర్చు తనే సంపాదించుకుంటే తప్ప ఆ ఇండ్లలో బండి నిలవదు.

2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు వచ్చింది. ప్రాణం మీదికొస్తే ఫోన్ కొడితే స్ట్రెచర్‌తో వచ్చి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతారు. కాని 108 తీసుకుపోతుందే గాని తిరిగి తీసుకురాదు. ఆపరేషన్ అయి, కాలికి పిండికట్టుతో డిశ్చార్జి అయినవాణ్ని తుంగభద్ర దాటించి ఇంటికి చేర్చేది మళ్లీ ఓమ్నియే.

ఇక అక్క బండి. 1998లో హ్యుందాయ్ శాంత్రో వచ్చింది, 1999 చివర మారుతి వ్యాగనార్ వచ్చింది. డబ్బాలాగా ఉన్నాయని జనం నవ్వారు. నేను మొదటిసారి వ్యాగనార్ తలుపు తీసి మోచెయ్యి ఆనించినప్పుడు నవ్వలేదు. మూరా బెత్తెడు. బయటి గడప తక్కువ, తలుపు పై అంచు ఎత్తు, తల వంచకుండా కూర్చోవచ్చు. జపాన్లో చిన్న కార్లకు పన్ను రాయితీ ఉంది, దానికి పొడవూ వెడల్పూ ఇంత మించకూడదని కట్టడి ఉంది. పక్కలకు పెరగడానికి లేక సుజుకీ వాళ్లు 1993లో బండిని పైకి పెంచారు. ఏ కుంటి మనిషినీ తలుచుకుని చేసింది కాదు. పన్ను లెక్కల్లోంచి పుట్టిన ఎత్తు మా అక్క మంచం ఎత్తుతో సరిపోయింది, అంతే.

కొత్తది కొనే స్థోమత అక్క జీతానికి లేదు. కొన్నేండ్లు ఆగి, కర్నూలులో ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర మంచి బండి ఉందంటే అక్కను వెంటబెట్టుకుని పోయాను. ఆయన ఇంజను చూపిస్తానంటాడు, సర్వీసు పుస్తకం చూపిస్తానంటాడు. అక్క ముందు తలుపు తీయమన్నది. సీటు పూర్తిగా వెనక్కి జరపమన్నది. వీపు బండి వైపు పెట్టి నిలబడి, ఒక కర్ర నా చేతికిచ్చి, ఆ చేత్తో పైన పట్టుకునే పిడి వెతుక్కుని, మెల్లగా కూర్చుంది. లాకులు తీసి కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. ఎడమ కాలిపరు బూటు గడపకు తగిలి గీత పడింది. ఆయన ముఖం మారింది. అక్క పట్టించుకోలేదు. మళ్లీ కాళ్లు బయట పెట్టి, లాకులు వేసుకుని లేచింది. ఇంకోసారి కూర్చుంది, ఇంకోసారి లేచింది. "ఇదే తీస్కుందాం తమ్మీ" అన్నది. బేరం అప్పుడు మొదలైంది. ఆ గీత పేరు చెప్పి ఆయన ఒక్క రూపాయి తగ్గించలేదు, పైగా పెంచబోయాడు.

సీటు బట్ట మీద బూటు, లాకులు రాసుకుని చిరుగుతాయని రెక్సిన్ కుట్టించాను. రెక్సిన్ అయితే జారడం సుళువు కూడా. పైన పిడి ప్లాస్టిక్‌ది, మనిషి బరువంతా దాని మీద వేలాడితే ఊడుతుంది, అందుకని లోపల ఇనుప పట్టీ వేసి బిగించాను. ఖర్చు వందల్లోనే అయింది. బండి నడపడానికి మా మేనల్లుడు ఉన్నాడు.

కొత్త కారు కొనేవాళ్లకు సర్కారు రాయితీ ఉండేదని చాలామందికి తెలియదు. కాళ్లూ చేతుల వైకల్యం 40 శాతం, ఆ పైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ఢిల్లీలో భారీ పరిశ్రమల శాఖ ఒక పత్రం ఇచ్చేది. దాంతో జీఎస్టీ 28 శాతానికి బదులు 18 కట్టేవారు. పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకూడదు, ఐదేండ్లు అమ్మకూడదు. 2025 సెప్టెంబరులో ఆ కొలతల చిన్న కార్లకు అందరికీ 18 శాతమే అయింది. రాయితీ మంచిదే, కాని పాత బండి కొనేవాడికి దాంతో పని లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాత బండి వాళ్లే.

ఇంకో తిరకాసు ఆ 4 మీటర్లలోనే ఉంది. 2006 బడ్జెట్లో చిన్న కార్లకు ఎక్సైజు తగ్గించినప్పుడు పుట్టిన గీత అది. కంపెనీలు పన్ను కోసం బండిని ఆ గీతలోకి కుదించాయి, కోత పడింది డిక్కీ మీద. మడిచిన వీల్‌చైరు పదిహేను కిలోలకు పైనే బరువు, డిక్కీలో అడ్డంగా పట్టదు. వెనక సీటు సగం మడవాలి, అంటే ఇంట్లో ఒక మనిషి తగ్గాలి. సీఎన్‌జీ బండి చవకని తీసుకుంటే డిక్కీలో సిలిండరే ఉంటుంది, వీల్‌చైరు నెత్తిన కట్టుకోవాల్సిందే. రాయితీ రాసినవాళ్లు ఒక్కరోజు వీల్‌చైరు మడిచి ఎత్తి చూసి ఉంటే బాగుండేది.

2014లో సెలేరియోతో చవక బండ్లకూ ఆటో గేరు వచ్చింది. ఎడమ కాలు ఒక్కటే పడిపోయినవాళ్లు ఏ మార్పూ లేకుండా తామే నడుపుకునే రోజు అప్పుడే వచ్చింది, మా షెడ్డులో చేతి క్లచ్ బిగించే పని సగం పోయింది. పోయినందుకు నాకు విచారం లేదు.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. అక్కకు జీరో టికెట్ వస్తుంది. మెట్టు ఎత్తు మాత్రం అంతే ఉంది. ఇటీవల మారుతి వాళ్లు బెంగళూరు కంపెనీ ఒకదానితో కలిసి వ్యాగనార్‌కు బయటికి తిరిగే సీటు తెచ్చారు. కొన్ని పెద్ద నగరాల్లో పెడుతున్నారు. సీటే మనిషి వైపు తిరిగి ఎదురుగా నిలబడుతుంది. పెదనాయన నొగలు లేపినట్టే ఉంది ఆ పని. మా దగ్గరికి ఎప్పుడు వస్తుందో చూడాలి. ఈలోగా జనం ఎత్తు బండ్ల మోజులో పడ్డారు. కొడుకులు ఎస్‌యూవీలు కొని తెచ్చి ముసలి తల్లిదండ్రులను ఎక్కమంటారు. సీటు నడుము మీదికి ఉంటుంది, పక్క మెట్టు సన్నగా జారుతుంది. జీపు కాలం మళ్లీ వచ్చినట్టుంది నాకు.

దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014లో పోలియో పోయిందని ప్రకటించారు. అక్క తరం తర్వాత కాలిపర్ల మనుషులు మా షెడ్డుకు రావడం తగ్గింది. ఇప్పుడు వచ్చేవాళ్లు పక్షవాతం వాళ్లు, చక్కెర జబ్బుతో కాలు పోయినవాళ్లు, నడుం విరిగిన మేస్త్రీలు. పక్షవాతం వాళ్లకు ఎత్తుతో పాటు ఏ పక్క అన్నది కూడా చూడాలి. బండి ఎడమ తలుపులోంచి దిగితే ముందు నేలకు ఆనేది ఎడమ కాలు. ఎడమ పక్క పడిపోయిన మనిషిని డ్రైవరు పక్కన కూర్చోబెడితే చచ్చుబడిన కాలు మీద దిగాలి. అతన్ని డ్రైవరు వెనక సీట్లో, కుడి తలుపులోంచి ఎక్కించాలి. కుడి పక్క పడిపోయినవాడికి డ్రైవరు పక్క సీటే మేలు. పట్టుకునే పిడి గట్టి చేతి వైపు ఉందా అన్నది తర్వాత. వెనక తలుపు చిన్నదైతే ఎడమ పక్షవాతం ఉన్న ఇంటికి ఆ బండి వద్దంటాను, ఎంత చవకగా వచ్చినా సరే. ఇవన్నీ ఫోన్లో తేలేవి కావు. అందుకే బేరానికి వచ్చేవాళ్లను మనిషిని వెంట తీసుకురమ్మంటాను. తేకుండా వస్తే టీ తాగించి పంపిస్తాను, బండి మాత్రం చూపించను.